వినడానికి సమయం, దుబాసీ, జవాబుదారీ కావాలి: మానసిక వైద్య సంస్థలకు బహిరంగ లేఖ

మానసిక వైద్య సంస్థలను నడిపే అధికారులకు, వైద్య విద్య పాఠ్యప్రణాళికలు తయారుచేసే పెద్దలకు, వార్డుల్లో పనిచేసే డాక్టర్లకు, నర్సులకు, కౌన్సెలర్లకు నమస్కారం.

నేను దుబాసీని. డాక్టరుకీ రోగికీ ఒకే భాష రానప్పుడు వాళ్ల మధ్య కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేర్చడం నా పని. ఎముకల డాక్టర్ల దగ్గరా చేశాను, ప్రసూతి వార్డుల్లోనూ చేశాను. కానీ మానసిక వైద్యుడి గదిలో ఈ పనికి ఉండే బరువు వేరు. అక్కడ ఎక్స్‌రే లేదు. రక్తపరీక్షతో తేలేది తక్కువ. మనిషి ఏం చెప్పాడు, ఎలా చెప్పాడు, ఎటు చూశాడు, ఎంతసేపు ఊరుకున్నాడు అన్నదాన్ని బట్టే జబ్బుకి పేరు పెడతారు. ఆ మాట సరిగ్గా చేరకపోయినా, ఆ చూపుకి తప్పు అర్థం తీసినా అది కేస్ షీట్లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి ఆ మనిషి వెంటే పోతుంది.

మైనారిటీ జాతులవారికి, ఆదివాసులకు, వలస వచ్చినవారికి, శరణార్థులకు మానసిక వైద్యం చేయడానికి ‘సాంస్కృతిక సామర్థ్యం’, అంటే వేరే సంస్కృతి మనిషిని అర్థం చేసుకుని వైద్యం చేయగల నేర్పు, కావాలని మీరు చాలాకాలంగా అంటున్నారు. పాలసీల్లో రాసుకున్నారు. సిబ్బందికి ఒక పూట ట్రైనింగ్ పెట్టి సర్టిఫికెట్లు ఇస్తున్నారు. ఆ ట్రైనింగుల్లో కొన్నింటిలో నేనూ కూర్చున్నాను. ఫలానా జాతివాళ్లు కళ్లలోకి చూడరు, ఫలానావాళ్లకి కుటుంబమే ముఖ్యం, ఫలానావాళ్లు బాధను ఒంటినొప్పిగా చెప్తారు అంటూ స్లయిడ్ల మీద స్లయిడ్లు. ఆ గదిలోంచి బయటికి వచ్చిన డాక్టరు రేపు ఎదురుగా కూర్చునే మనిషిని చూడడు, ఆ స్లయిడ్‌ని చూస్తాడు. ఒకే జాతిలో తాతకీ మనవరాలికీ పోలిక ఉండదు. చదువు వేరు, మతం మీద నమ్మకం వేరు, ఊరు వదిలి వచ్చిన కారణం వేరు. అసలు తన సముదాయం నుంచి పారిపోయి వచ్చిన మనిషికి ఆ సముదాయపు అలవాట్ల జాబితా అంటగడితే అంతకన్నా అన్యాయం ఏముంటుంది?

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1998లోనే మెలనీ టెర్వలన్, జాన్ మరే-గార్సియా అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు దీన్ని రాశారు. ఇంకొకరి సంస్కృతిని చదివి పాసైపోయే సబ్జెక్టులా చూడొద్దన్నారు. డాక్టరు తన అభిప్రాయాలను తానే తరచి చూసుకుంటూ, రోగికీ తనకీ మధ్య ఉన్న అధికారపు తేడాను గుర్తుపెట్టుకుంటూ, జీవితాంతం నేర్చుకుంటూ ఉండాలన్నారు. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘సాంస్కృతిక వినయం’. ఆ పేరు ఇప్పుడు మీ స్లయిడ్లలోకి వచ్చేసింది. వాళ్లు చెప్పిన అధికారపు తేడా మాత్రం అందులో కనబడదు.

అధికారం సంగతి ముందు ఎందుకు ఎత్తానంటే, మైనారిటీలు మీ గడప తొక్కడానికి వెనకాడటానికి చాలా పాత కారణాలు ఉన్నాయి. 1851లో అమెరికాలోని లూసియానాకు చెందిన శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, బానిసలు యజమానుల దగ్గర్నుంచి పారిపోవడం ఒక మానసిక జబ్బు అని ప్రకటించి దానికి ‘డ్రాపెటోమేనియా’ అని పేరు పెట్టాడు. మందుగా కొరడా దెబ్బలు సూచించాడు. అది ఎప్పటిదో కదా అనకండి. డేవిడ్ బెన్నెట్ చనిపోయింది 1998 అక్టోబరులో, ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో, ఒక మానసిక వైద్యశాల లోపల.

జమైకాలో పుట్టి చిన్నప్పుడే ఇంగ్లండ్ వచ్చిన బెన్నెట్‌కి అప్పుడు 38 ఏళ్లు. భ్రమలు, భ్రాంతులు కలిగే స్కిజోఫ్రెనియా అనే జబ్బుకి ఏళ్లుగా చికిత్సలో ఉన్నాడు. ఆ సాయంత్రం ఇంకో రోగితో గొడవ జరిగింది, అవతలి వ్యక్తి జాతిపేరుతో తిట్టాడు. సిబ్బంది వేరే వార్డుకి మార్చింది మాత్రం బెన్నెట్‌ని. తిట్లు తిన్నవాడికే శిక్ష పడినట్టయింది. అక్కడ అతను ఒక నర్సు మీద చేయి చేసుకున్నాడు. సిబ్బంది నేల మీద బోర్లా పడుకోబెట్టి దాదాపు 25 నిమిషాలు అదిమి పట్టుకున్నారు. ఊపిరి ఆగిపోయింది. ఆ తర్వాత జరిగిన విచారణ నివేదిక 2004లో బయటికొచ్చింది. వ్యవస్థలోనే జాతివివక్ష ఉందని అది తేల్చింది. బోర్లా పడుకోబెట్టి పట్టుకోవడం మూడు నిమిషాలు దాటకూడదని సూచించింది. ఆ నివేదికలో నన్ను అన్నిటికన్నా కలచివేసిన విషయం ఇంకొకటి ఉంది. చనిపోవడానికి కొన్నేళ్ల ముందే బెన్నెట్ ఆ వైద్యశాల అధికారులకు ఒక ఉత్తరం రాశాడు. ఇక్కడ నల్లజాతి రోగులం ఇంతమందిమి ఉన్నాం, సిబ్బందిలో మావాళ్లు ఒక్కరూ లేరు, కనీసం ఇద్దరినైనా పెట్టండి అని మర్యాదగా అడిగాడు. సాంస్కృతిక సామర్థ్యం మీద మీరు రాయించుకున్న ఏ పాలసీ కన్నా ఆ చిన్న ఉత్తరంలోనే ఎక్కువ విషయం ఉంది. రోగే మీకు దారి చెప్పాడు.

ఇరవై ఏళ్ల తర్వాత, 2018లో, బ్రిటన్ ప్రభుత్వం వేసిన స్వతంత్ర సమీక్ష కూడా, తెల్లవారితో పోలిస్తే నల్లజాతివారిని మానసిక ఆరోగ్య చట్టం కింద నాలుగు రెట్లు ఎక్కువగా నిర్బంధిస్తున్నారని చెప్పింది. అమెరికాలో నల్లజాతి రోగులకు డిప్రెషన్, బైపోలార్ లాంటి మూడ్ జబ్బులు ఉన్నా స్కిజోఫ్రెనియా అని రాసేయడం ఎక్కువని దశాబ్దాలుగా పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. దీనికంతటికీ చెడ్డ డాక్టర్లే కారణమని నేను అనను. నేను చూసిన డాక్టర్లలో చాలామంది మంచివాళ్లు, అలసిపోయినవాళ్లు. గదిలో జరిగేది చూస్తే అసలు కారణం తెలుస్తుంది.

మొదటిసారి వచ్చిన రోగిని పరీక్షించేటప్పుడు ‘కంటి చూపు కలపడం లేదు’ అని రాస్తారు. పెద్దవాళ్ల ముందు, అధికారుల ముందు తల దించుకోవడమే మర్యాద అని నేర్చుకున్న మనిషి అయితే? ఒక సామెత చెప్పి దాని అర్థం అడుగుతారు, ఆలోచన ఎంత లోతుగా ఉందో చూడటానికి. ఆ సామెత ఆ మనిషి ఎన్నడూ వినలేదు. గడియారం బొమ్మ గీయమంటారు, పెన్సిల్ పట్టడమే అలవాటు లేదు. చనిపోయిన తల్లి గొంతు వినబడుతోందని చెప్తే భ్రాంతి అని రాస్తారు. చాలా సమాజాల్లో దుఃఖంలో ఉన్నవాళ్లకి అది జరిగేదే, వాళ్లు దానికి భయపడరు. ఓదార్పు పొందుతారు. అందరికీ అలాగే ఉంటుందని నేను అనడం లేదు, అది జబ్బే అయి ఉండొచ్చు కూడా. తేల్చుకోవాలంటే ఇంట్లోవాళ్లని, ఆ సముదాయంలో తెలిసినవాళ్లని ఒక్క మాట అడగాలి. మీకూ ఇది వింతగా ఉందా, లేక మామూలేనా అని. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా జబ్బు పేరు రాసిన కేసులు నా కళ్లముందే ఉన్నాయి.

అనుమానం సంగతి ఇంకా కష్టం. పోలీసులు తనను గమనిస్తున్నారని ఒక మనిషి చెప్తాడు. అతని పేటలో నిజంగానే రోజూ ఆపి సోదా చేస్తుంటారు. అధికారులు పిల్లల్ని తీసుకుపోతారని ఒక ఆదివాసీ తల్లి వణికిపోతుంది. కెనడాలో, ఆస్ట్రేలియాలో ప్రభుత్వాలు తరాల పాటు చేసింది అదే. భయానికి కారణం ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు, రెండూ కలిసే ఉండొచ్చు. కానీ కారణం తెలియని డాక్టరుకి భయమంతా జబ్బుగానే కనిపిస్తుంది. ఇక తన బాధకి డాక్టరు చెప్పిన కారణాన్ని ఒప్పుకోని రోగికి ‘ఇన్‌సైట్ లేదు’, అంటే తనకి జబ్బుందన్న గ్రహింపు లేదు, అని రాస్తారు. బలవంతపు చికిత్సకి దారి తీసే మాటల్లో అదొకటి. మనిషి తన కష్టాన్ని తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. ఆ అర్థం మీ పుస్తకంలో లేదు. అంతమాత్రాన అతని స్వేచ్ఛ పోతే ఎలా?

ఇండియాలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ఒక సాంస్కృతిక, జాతి లేదా మత సమూహానికి చెందినందుకు, లేదా తన సముదాయంలో నడిచే విలువలకు, నమ్మకాలకు ఒదగనందుకు ఎవరికీ మానసిక జబ్బు ఉందని తేల్చకూడదని మూడో సెక్షన్ చెబుతుంది. పద్దెనిమిదో సెక్షన్ సంస్కృతి, కులం, మతం, వర్గం లాంటి ఏ వివక్షా లేకుండా చికిత్స అందాలంటుంది. రోగికీ కుటుంబానికీ ఆమోదయోగ్యమైన పద్ధతిలో అందాలని కూడా అంటుంది. ఆమోదయోగ్యం అనే ఆ మాటని అమలు చేయాలంటే ముందు రోగిని అడగాలి కదా.

అడగడానికి సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. అమెరికన్ సైకియాట్రిస్టు, మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ 1970ల చివరి నుంచే కొన్ని మామూలు ప్రశ్నలు అడగమని చెబుతున్నారు. మీ కష్టాన్ని మీరు ఏమంటారు, ఎందుకు వచ్చిందనుకుంటున్నారు, సరిగ్గా అప్పుడే ఎందుకు మొదలైందనుకుంటున్నారు, దీనిలో మీకు అన్నిటికన్నా భయం వేసేది ఏమిటి, ఎలాంటి చికిత్స కావాలనుకుంటున్నారు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్, మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి వాడే తన పుస్తకం డీఎస్ఎమ్-5లో 16 ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూని చేర్చింది. అమెరికా, కెనడా, పెరూ, నెదర్లాండ్స్, కెన్యా, ఇండియాల్లో ముందుగా వాడి చూశాకే చేర్చింది. ఉచితంగా దొరుకుతుంది. కుటుంబసభ్యుల్ని అడగడానికి వేరే రూపం కూడా ఉంది. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెప్తాను. అది మైనారిటీల కోసమని విడిగా పెట్టింది కాదు, ఏ రోగినైనా అడగొచ్చు. డాక్టరు తన సంస్కృతిని మామూలుదనీ ఎదుటివాడిది ప్రత్యేకమనీ అనుకోకుండా అదే కాపాడుతుంది.

మరి నేను పనిచేసిన చోట్ల దాన్ని అడగగా ఎందుకు అరుదుగా విన్నాను? ఆ ప్రశ్నలకు ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. దుబాసీతో అయితే ప్రతి మాటా రెండుసార్లు పలకాలి కాబట్టి దానికి రెట్టింపు. మీరు డాక్టరుకి ఇచ్చిన సమయం అందులో సగం కూడా ఉండదు. అడగడం వచ్చిన డాక్టరుకి కూడా అడిగే వీలు లేదు. మీ ట్రైనింగ్ సర్టిఫికెట్ గోడకి ఉంటుంది, అపాయింట్‌మెంట్ పుస్తకం మాత్రం మారదు.

ఇక నా సొంత పని గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీన్ని మీలో చాలామంది చిన్న విషయంగా తీసుకుంటున్నారు.

దుబాసీ లేనప్పుడు మీరు చేసేది రోగి వెంట వచ్చినవాళ్లతో పని కానివ్వడం. భర్త, అత్త, పన్నెండేళ్ల కూతురు. కొట్టే భర్త పక్కన కూర్చుని అనువాదం చేస్తుంటే ఆ స్త్రీ ఇంట్లో ఏం జరుగుతోందో ఎలా చెప్తుంది? చనిపోవాలనిపిస్తోందా అని తల్లిని అడగమని కూతురికి చెప్పడం ఎంత ఘోరం! ఆ పిల్ల ఆ ప్రశ్నని మార్చి అడుగుతుంది, లేదా అడిగినట్టు నటిస్తుంది, లేదా నిజంగానే అడిగి జవాబుని జీవితాంతం మోస్తుంది. అమెరికాలో 2016లో వచ్చిన నిబంధనలు అత్యవసర పరిస్థితుల్లో తప్ప మైనర్ పిల్లలతో ఆసుపత్రుల్లో అనువాదం చేయించడాన్ని నిషేధించాయి. చాలా చోట్ల ఇప్పటికీ అది రోజువారీ పద్ధతే.

దుబాసీ ఉన్నా సరిపోదు. ఎలాంటి దుబాసీ అన్నది ముఖ్యం. చిన్న సముదాయం అయితే దుబాసీ రోగికి తెలిసినవాళ్లే అయి ఉంటారు. రేపు ఊరంతా తెలుస్తుందేమో అన్న టెన్షన్‌తో రోగి నోరు విప్పడు. అప్పుడు వేరే ఊరి దుబాసీతో ఫోన్లో మాట్లాడించడం మేలు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాడికి అదే భాష మాట్లాడే, కానీ అవతలి పక్షానికి చెందిన దుబాసీని తెచ్చి కూర్చోబెడితే, భాష కలిసింది కదా అని మీరు అనుకుంటారు. అతనికి మాత్రం ఎదురుగా శత్రువు కూర్చున్నట్టే. ఎవరైతే మీకు ఇబ్బంది ఉండదు అని ముందే రోగిని అడిగితే పోయేదానికి ఇంత నష్టం.

ఇంకొకటి, బయటివాళ్లకి తట్టనిది. శిక్షణ లేని దుబాసీ రోగి మాటల్ని సర్ది చెప్తాడు. మంచి ఉద్దేశంతోనే. రోగి ఒకదానికొకటి పొంతన లేకుండా మాట్లాడితే దాన్ని శుభ్రం చేసి, వరస కూర్చి డాక్టరుకి అందిస్తాడు. డాక్టరుకి వినపడేది చక్కటి వాక్యం. జబ్బు ఉన్నది ఆ పొంతన లేకపోవడంలోనే అయితే అది డాక్టరు దాకా చేరనే చేరదు. అందుకే మానసిక వైద్యానికి దుబాసీకి విడిగా శిక్షణ కావాలి. చెదిరిన మాటని చెదిరినట్టే చెప్పడం రావాలి. డాక్టరుకీ శిక్షణ కావాలి. నా మొహం చూడకుండా రోగి మొహం చూసి మాట్లాడటం, ‘ఆమెకి నిద్ర పడుతోందేమో అడగండి’ అనకుండా ‘మీకు నిద్ర పడుతోందా’ అని నేరుగా రోగినే అడగడం, మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలు, అయ్యాక అయిదు నిమిషాలు దుబాసీతో మాట్లాడటం. నేను విన్నదాంట్లో ఏది భాష వల్ల వింతగా ఉందో, ఏది నిజంగానే వింతగా ఉందో ఆ చివరి అయిదు నిమిషాల్లో చెప్పగలను. నన్ను ఎవరూ అడగకపోతే అది నాతోనే ఇంటికి వచ్చేస్తుంది. బయటికొచ్చాక వినకూడనివి విన్న బరువుతో దుబాసీలు ఎలా నిద్రపోతారో కూడా ఎవరికీ పట్టదు. నర్సులకి ఉన్న సహాయం మాకూ ఉండాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

మందుల గురించి ఒక్క మాట. మూడ్ జబ్బులకి, మూర్ఛకి వాడే కార్బమజెపైన్ కొందరికి ప్రాణాపాయం. హెచ్ఎల్ఏ-బి 15:02 అనే జన్యు రకం ఉన్నవాళ్లలో ఆ మందు వల్ల చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఎక్కువ. చైనా, థాయ్‌లాండ్, మలేషియా లాంటి ఆసియా ప్రాంతాల మూలాలున్నవారిలో ఆ రకం ఎక్కువగా కనబడుతుంది. మందు మొదలుపెట్టే ముందు పరీక్ష చేయమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే చెప్పింది. క్లోజపైన్ అనే మందు కథ ఇంకో వైపుది. అది న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల్ని ప్రమాదకరంగా తగ్గించగలదు, అందుకే ఆ కణాలు ఒక హద్దు కన్నా తక్కువ ఉన్నవాళ్లకి దాన్ని మొదలుపెట్టరు. ఆఫ్రికా, మధ్యప్రాచ్య మూలాలున్న చాలామందికి ఏ జబ్బూ లేకుండానే రక్తంలో న్యూట్రోఫిల్ కణాలు తక్కువగా ఉంటాయి. అందరికీ పెట్టిన హద్దునే వాళ్లకీ పెట్టడం వల్ల, వేరే ఏ మందూ పనిచేయని స్కిజోఫ్రెనియాకి పనిచేసే ఆ ఒక్క మందు ఎంతోమందికి అందలేదు, లేదా మధ్యలో ఆపేశారు. 2015లో అమెరికాలో అలాంటివారికి మొదలుపెట్టే హద్దుని మైక్రోలీటరు రక్తానికి 1000 కణాలకి తగ్గించారు. అయితే ఒంటి రంగు చూసి జన్యువుని ఊహించకండి, పరీక్ష చేయించండి. పూర్వీకులు ఎక్కడివారని గౌరవంగా అడగడం కూడా ఆ పరీక్షలో భాగమే.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే తప్పు కూడా చూస్తున్నాను. ‘వాళ్ల సంస్కృతిలో అంతే’ అని వదిలేయడం. ఆడపిల్ల ఇంట్లో దెబ్బలు తింటోందని తెలిసినా, ముసలాయనకి నెలల తరబడి దిగులు ఉందని కనబడుతున్నా, వాళ్ల పద్ధతులు మనకెందుకు అని పక్కకు తప్పుకోవడం. గౌరవం పేరుతో చేసే నిర్లక్ష్యం ఇది. మైనారిటీ మనిషికి కూడా అందరికీ ఇచ్చే రక్షణ, అందరికీ ఇచ్చే మంచి వైద్యం పూర్తిగా కావాలి.

సముదాయాలకి తమ పగ్గాలు తమ చేతిలో ఉంటే ఏమవుతుందో చూపించిన పరిశోధన ఒకటి ఉంది. 1998లో మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లలోండ్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఉన్న ఆదివాసీ సముదాయాల్లో యువత ఆత్మహత్యలను పరిశీలించి రాశారు. స్వయంపాలన, భూమి హక్కుల కోసం పోరాటం, బడులు, ఆరోగ్య సేవలు, పోలీసు, అగ్నిమాపక సేవలు, సాంస్కృతిక కేంద్రాలు తమ ఆధీనంలో ఎంత ఎక్కువగా ఉంటే ఆత్మహత్యలు అంత తక్కువ. అన్నీ ఉన్న సముదాయాల్లో వాళ్లు పరిశీలించిన అయిదేళ్లలో యువత ఆత్మహత్య ఒక్కటీ లేదు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా 2006లో మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ చూడండి. సైకియాట్రిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది ఉన్న దేశంలో, శిక్షణ పొందిన స్థానిక అవ్వలు క్లినిక్ ఆవరణలో బెంచీ మీద కూర్చుని కష్టాలు విని, వాటిని ఒక్కొక్కటిగా ఎలా దాటాలో ఆలోచింపజేస్తారు. 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. మామూలు చికిత్స కన్నా అవ్వల దగ్గరికి వెళ్లినవాళ్లలో లక్షణాలు బాగా తగ్గాయి. న్యూజిలాండ్‌లో మావోరీ వైద్యుడు మేసన్ డ్యూరీ 1980లలో ఒంటిని, మనసుని, కుటుంబాన్ని, ఆత్మని ఇంటికి నాలుగు గోడలుగా చూపించారు. ఆ దేశపు ఆరోగ్య వ్యవస్థే దాన్ని స్వీకరించింది. వీటిలో ఏదీ పైనుంచి డాక్టర్లకి ఇచ్చిన స్లయిడ్ కాదు. సముదాయం నుంచే వచ్చింది, సముదాయం చేతుల్లోనే నడిచింది.

అందుకని మీ నుంచి కోరేది ఇది. దుబాసీ అవసరమైన ప్రతి రోగికీ అపాయింట్‌మెంట్ సమయం రెట్టింపు చేయండి, ఆ అదనపు సమయం వల్ల డాక్టరు తక్కువమందిని చూశాడని లెక్క అడగకండి. శిక్షణ పొందిన దుబాసీకి బడ్జెట్‌లో విడిగా డబ్బు పెట్టండి, పిల్లలతో అనువాదం చేయించడాన్ని రాతపూర్వకంగా ఆపండి. మైనారిటీ సముదాయాల నుంచి నర్సుల్ని, సోషల్ వర్కర్లని, డాక్టర్లని తీసుకోండి. వాళ్లని తీసుకున్నాక తమ జాతి రోగులందర్నీ వాళ్ల నెత్తిన పడేసి చేతులు దులుపుకోకండి. ఎవరిని బలవంతంగా చేర్చారు, ఎవరిని కట్టేశారు, ఎవరికి సూది మందు బలవంతంగా ఇచ్చారు అన్న లెక్కలు జాతుల వారీగా ప్రతి ఏడూ బయట పెట్టండి. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 2023లో తెచ్చిన జాతి సమానత్వ చట్రం మానసిక వైద్య సంస్థలన్నీ ఈ విషయంలో జవాబు చెప్పాల్సిందేనంది, మీరూ చెప్పగలరు. ఫిర్యాదు చేసుకునే కాగితం రోగికి వచ్చిన భాషలో ఉండాలి. ఆ ఫిర్యాదుల్ని చూసే కమిటీలో ఆ సముదాయం మనుషులు కూర్చోవాలి. సలహా ఇచ్చి వెళ్లిపోయే అతిథులుగా పిలిస్తే చాలదు, ఓటు ఉండాలి.

ఈ లేఖకి జవాబుగా మీ పాలసీ కాపీ పంపొద్దు. పోయిన ఏడాది మీ సంస్థలో ఎంతమంది రోగులకి దుబాసీ అవసరమైంది, అందులో ఎంతమందికి దొరికింది, దొరకనివాళ్లతో ఎవరు మాట్లాడారు అన్నది నాకు కాదు, మీ దగ్గరికి వచ్చే సముదాయాలకి, వాళ్ల భాషల్లో రాసి చెప్పండి.

ఇట్లు,
ఒక దుబాసీ